రిపోర్టులో ఆ ప్లస్ గుర్తు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల క్రోమోజోమ్ పరీక్షల మీదే నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నాలుగూ మన సరిహద్దు ఊళ్ల నుంచే: పర్లాకిమిడి, జయపురం, గుణుపురం, రాయగడ. ఈ పేజీ కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట చెప్పాలి. నేను డాక్టరును కాను. విశాఖపట్నంలో ఒక జన్యు పరీక్షల ల్యాబులో ఇరవై ఆరేళ్లు పనిచేసిన టెక్నీషియన్‌ని. స్లైడులు తయారు చేయడం, రంగులు వేయడం, మైక్రోస్కోపు కింద క్రోమోజోములు లెక్కపెట్టడం నా పని. ఇప్పుడు పర్లాకిమిడిలో మా పుట్టింటి వీధిలోనే ఉంటున్నాను. వైద్యం సంగతి మీ డాక్టర్ గారే చెప్పాలి. రిపోర్టులో రాసిన అక్షరాలకు అర్థం మాత్రం నేను చెప్పగలను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 28 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది. రెండుసార్లు మూడో నెలలో గర్భం పోయింది. బరంపురంలో డాక్టర్ గారు రక్తపరీక్ష రాశారు. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. అందులో "46,ఎక్స్ఎక్స్,9క్యూహెచ్+" అని ఉంది. కింద జీటీజీ, సీబీజీ అని రాశారు. డాక్టర్ గారు పర్వాలేదన్నారు. కానీ ఆయన ఒడియాలో చెప్పింది మా అత్తగారికి సగమే అర్థమైంది. రక్తం తీసిన సెంటరువాళ్లేమో "తొమ్మిదో క్రోమోజోములో తేడా ఉంది, ఫిష్ టెస్టు చేయించండి" అన్నారు. ఇంట్లో ఇప్పుడు అందరూ నా రక్తంలోనే దోషం ఉందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజంగా నాలో లోపం ఉందా? ఆ ఫిష్ చేయించాలా?
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, కారణాలు తర్వాత చెబుతాను, ముందు జవాబు విను. నీ రిపోర్టు మామూలు రిపోర్టే. 9క్యూహెచ్+ అనేది జబ్బు పేరు కాదు. గర్భం పోవడానికి దాన్ని కారణంగా లెక్కించరు. దాని కోసం ఫిష్ చేయించే పని లేదు. ఈ పేజీ మీ అత్తగారికి చదివి వినిపించు. ఆమెకు కూడా అర్థం కావాలనే వీలైనంత తేలికగా రాస్తున్నాను.

ముందు ఆ అక్షరాల సంగతి చూద్దాం. 46 అంటే ఉండవలసినన్ని క్రోమోజోములూ ఉన్నాయని. (ఈ లెక్క కూడా 1956లో గాని తేలలేదు. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా మనిషికి 48 అనే అనుకున్నారు. జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు స్వీడన్‌లో దాన్ని సరిచేశారు.) ఎక్స్ఎక్స్ అంటే స్త్రీ. 9 అంటే తొమ్మిదో క్రోమోజోము. క్యూ అంటే దాని పొడుగు చేయి, పొట్టి చేతిని పీ అంటారు. హెచ్ అంటే హెటెరోక్రోమాటిన్. ప్లస్ అంటే ఆ భాగం మామూలుకన్నా కాస్త పొడుగ్గా ఉందని.

హెటెరోక్రోమాటిన్ అంటే క్రోమోజోములో గట్టిగా చుట్టుకుని ఉండే భాగం. అక్కడ డీఎన్ఏలో ఒకే రకం అక్షరాల వరసలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. పనిచేసే జన్యువులు దాదాపు ఉండవు. ఒకటో, తొమ్మిదో, పదహారో క్రోమోజోముల్లో నడుము దగ్గర, మగవారి వై క్రోమోజోము చివర ఈ భాగం పెద్దగా ఉంటుంది. దాని పొడుగు మనిషికీ మనిషికీ మారుతుంది. అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది. నీకు వచ్చింది మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచే అయి ఉంటుంది. అది ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టరన్నదే నిజమైతే నువ్వే పుట్టి ఉండేదానివి కాదు కదా.

మరి రెండు పరీక్షలు ఎందుకు చేశారు? నా పని అదే కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

నీ రక్తం ల్యాబుకు చేరగానే పోషక ద్రవంలో వేసి 37 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచుతారు. తెల్లకణాలు విభజన మొదలుపెట్టడానికి రాజ్మా జాతి గింజల నుంచి తీసే ఒక పదార్థం కలుపుతారు. చివర్లో కాల్చిసిన్ లాంటి మందు వేసి ఆ విభజనను సరిగ్గా మధ్యలో ఆపుతారు. మన మహేంద్రగిరి వైపు కొండల్లో వానాకాలం మంటల్లా పూసే అగ్నిశిఖ తెలుసు కదా, దాని దుంపలోని విషం ఈ కాల్చిసినే. క్రోమోజోములు విడివిడిగా కనిపించేది ఆ ఆగిన క్షణంలోనే. ఆ తర్వాత కణాలను పలచని ఉప్పునీటిలో ఉబ్బించి, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం మూడుకు ఒకటి చొప్పున కలిపిన ద్రవంలో స్థిరపరచి, గాజు పలక మీద చుక్కలుగా వదులుతాం. విశాఖలో వానాకాలం గాలి తేమగా ఉన్నప్పుడు చుక్క ఒకలా ఆరేది, మే నెలలో ఇంకోలా ఆరేది. ఆరడం తేడా వస్తే క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఆ రోజుల్లో రంగుకన్నా ముందు ఆకాశం చూసేవాళ్లం.

ఇక జీటీజీ. జీ పట్టీలు, ట్రిప్సిన్‌తో, జీమ్సా రంగుతో అని దాని అర్థం. ట్రిప్సిన్ ప్రోటీన్లను జీర్ణం చేసే ఎంజైము. అందులో స్లైడు కొన్ని సెకన్లు ముంచి, కడిగి, జీమ్సా వేస్తే క్రోమోజోము నిలువునా ముదురు, లేత పట్టీలు దిగుతాయి. ఏ క్రోమోజోముకు ఉండే వరస దానిదే, కాబట్టి ఒక్కోదాన్నీ గుర్తుపట్టవచ్చు. ఆ సెకన్లే అసలు కష్టం. పాకం పట్టినప్పుడు తీగపాకం దాటితే గట్టిపడిపోయినట్టే ఇదీ. తక్కువైతే పట్టీలు రావు, ఎక్కువైతే క్రోమోజోము అంచులు చిరిగి దూదిపింజలా ఉబ్బుతుంది. ప్రతి బ్యాచికీ ముందు ఒక స్లైడు పరీక్షకు పెట్టి, ఈ రోజు ఎన్ని సెకన్లో చూసుకుని మిగతావి ముంచేవాళ్లం.

నీ విషయంలో జీటీజీ చూసినవాళ్లకు ఒక తొమ్మిదో క్రోమోజోము దాని జతకన్నా నడుము కింద కాస్త పొడుగ్గా కనిపించి ఉంటుంది. అప్పుడు ఒక అనుమానం వస్తుంది. అక్కడ జన్యువులున్న ముక్క ఏదైనా వచ్చి అతుక్కుందా, లేక హెటెరోక్రోమాటినే ఎక్కువగా ఉందా? జీటీజీలో తొమ్మిదో క్రోమోజోము ఆ చోటు లేతగా ఉంటుంది కాబట్టి ఆ రంగు ఒక్కటే ఈ అనుమానం తీర్చలేదు. అందుకే సీబీజీ చేశారు. సీ పట్టీలు, బేరియం హైడ్రాక్సైడ్‌తో, జీమ్సాతో అని. వేడి బేరియం హైడ్రాక్సైడ్‌లో ముంచితే మామూలు భాగాల నుంచి డీఎన్ఏ చాలావరకు కరిగి వెళ్లిపోతుంది. హెటెరోక్రోమాటిన్ మాత్రం తట్టుకుని నిలబడుతుంది. తర్వాత జీమ్సా వేస్తే క్రోమోజోమంతా లేత నీడలా ఉండి, నడుము దగ్గర మాత్రం నల్లగా మచ్చ పడుతుంది. నీ తొమ్మిదో క్రోమోజోములో ఆ ఎక్కువ పొడుగు మొత్తం నల్లగా వచ్చింది. అంటే అది హెటెరోక్రోమాటినే. ప్లస్ గుర్తు పక్కన హెచ్ అనే అక్షరం పెట్టింది అందుకే. రెండో రంగు కూడా వేసి చూశారంటే ఆ ల్యాబు నీ రక్తాన్ని శ్రద్ధగా చూసింది.

సీ పట్టీలు వేయడం నేను నేర్చుకున్న మొదటి వారం నాలుగు స్లైడులు పాడుచేశాను. బేరియం ద్రవం గాలి తగలగానే పైన తెల్లని పొర కడుతుంది. స్లైడు పైకి తీస్తుంటే ఆ పొర అంటుకుని, మైక్రోస్కోపు కింద సున్నం చల్లినట్టు కనిపిస్తుంది. ఒక స్లైడు ఎక్కువసేపు ఉంచాను, క్రోమోజోములు డొల్లగా మిగిలాయి. ఇంత కష్టపడి తీసే పట్టీ చివరికి "ఏమీ లేదు, మామూలే" అని చెప్పడానికే ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఆ మామూలు మాట తప్పుగా అర్థమై ఒక ఆడపిల్ల ఇంట్లో మాట పడాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

ఇక ఫిష్. అది ఒక ఫలానా చోటు ఉందా లేదా అని మాత్రమే అడిగే పరీక్ష. నీ తొమ్మిదో క్రోమోజోమును అడగాల్సిన ప్రశ్న ఇంకేదీ మిగలలేదు.

నేను నిన్ను అడగాల్సింది మాత్రం ఒకటుంది. మీవారి రక్తం ఇచ్చారా? నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. పదే పదే గర్భం పోయే దంపతుల్లో నూటికి రెండు నుంచి ఐదు జంటల్లో, ఇద్దరిలో ఒకరికి రెండు క్రోమోజోముల మధ్య ముక్కలు అటూ ఇటూ మారి ఉంటాయి. మొత్తం ముక్కలన్నీ ఉంటాయి కాబట్టి ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటారు. బిడ్డకు పంచేటప్పుడే ఒక ముక్క ఎక్కువో తక్కువో అవుతుంది. అది మగవారిలోనూ ఉండవచ్చు. చూడ్డానికి జీటీజీయే చాలు. ఆయన రక్తం కూడా ఇస్తేనే ఈ పరీక్ష పూర్తయినట్టు. ఒకవేళ ఆయనలో ఏదైనా కనిపించినా, దాన్ని ఆయన తప్పుగా చూడవద్దని మీ ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెబుతున్నాను.

ఇంకో సంగతి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం, పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. అవి చాలావరకు ఆ ఒక్కసారికి జరిగేవే. తల్లిదండ్రుల రిపోర్టులు రెండూ మామూలుగానే ఉంటాయి. అలాంటిది మళ్లీ జరగకూడదని కోరుకుంటున్నాను. జరిగితే మాత్రం బయటికి వచ్చిన కణజాలాన్ని శుభ్రమైన సెలైన్‌లో పెట్టి పంపమని అడుగు. ఫార్మలిన్‌లో వేస్తే కణాలు చచ్చిపోతాయి, కల్చర్ పెరగదు. థైరాయిడ్, షుగర్, గర్భసంచి స్కాన్, రక్తం గడ్డకట్టే తత్వానికి చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు అయ్యాయో లేదో మీ డాక్టర్ గారిని అడిగి తెలుసుకో. కారణం వెతకాల్సింది అటువైపు.

మా పెద్దక్కకు మూడుసార్లు ఇలాగే పోయింది. ఆ రోజుల్లో పర్లాకిమిడిలో ఈ పరీక్షల పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆమెను పుట్టింటికి పంపేశారు. నేను ఈ ఉద్యోగంలో చేరింది ఆ తర్వాతే. నీ ఉత్తరం చదివి ఆ రాత్రే జవాబు రాయడానికి కూర్చున్నాను.

ప్రశ్న: మేము కొండ ఊళ్లు తిరిగి జ్వరం ఉన్నవాళ్ల రక్తం తీసి స్లైడులు చేస్తాం. శిక్షణలో జేఎస్‌బీ, జీమ్సా రెండు రంగులూ చూపించారు. క్రోమోజోములకు వాడే జీమ్సా, మలేరియాకు వాడే జీమ్సా ఒకటేనా?
– ఆరోగ్య కార్యకర్త, జయపురం

జవాబు: ఒకటే తమ్ముడూ. గుస్తావ్ జీమ్సా అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1904లో హాంబర్గ్‌లో దాన్ని తయారు చేసింది మలేరియా పరాన్నజీవిని చూడటానికే. మిథిలిన్ బ్లూ, ఆజూర్, ఇయోసిన్ కలిపిన రంగు అది. క్రోమోజోముల వాళ్లు మీ దగ్గర నుంచే తెచ్చుకున్నారు.

అదే రంగును ట్రిప్సిన్ లేకుండా క్రోమోజోముల మీద వేస్తే అంతా ఒకే ఊదా రంగుగా కనిపిస్తుంది, పట్టీలేవీ రావు. 1971 దాకా చాలా ల్యాబుల్లో పరిస్థితి అదే. ఆ ఏడాది ఇంగ్లండులోని సాల్స్‌బరీలో మరీనా సీబ్రైట్ అనే ఆమె ట్రిప్సిన్ పద్ధతి ప్రకటించారు. అంటే తేడా అంతా రంగుకు ముందు స్లైడుకు ఏం చేశామన్నదాంట్లో ఉంది. ట్రిప్సిన్ తర్వాత అదే జీమ్సా జీ పట్టీలు ఇస్తుంది, బేరియం తర్వాత సీ పట్టీలు ఇస్తుంది, సుమారు 87 డిగ్రీల వేడి బఫరు తర్వాత ఆర్ పట్టీలు ఇస్తుంది. నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. మీరు మలేరియాకు జీమ్సాను పీహెచ్ 7.2 ఉన్న బఫరులో కలుపుతారు, మేము 6.8లో.

మీకు ఇంకొకటి చెప్పాలనిపిస్తోంది. క్రోమోజోముల మీద మొదటిసారి పట్టీలు చూపించిన రంగు కూడా మలేరియా వైపు నుంచే వచ్చింది. క్వినాక్రిన్ అని, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు ఇచ్చిన మలేరియా మాత్ర. స్టాక్‌హోమ్‌లో టోర్బ్యోర్న్ కాస్పర్సన్ బృందం క్వినాక్రిన్ మస్టర్డ్ అనే దాని రూపాన్ని వాడి, 1970 నాటికి మనిషి క్రోమోజోములన్నిటికీ మెరిసే పట్టీలు చూపించింది. కోరాపుట్ కొండల్లో మీరు రోజూ పోరాడుతున్న జ్వరం నుంచే ఈ శాస్త్రానికి రెండు రంగులు వచ్చాయి. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు చిన్నప్పుడు మా వీధిలో స్లైడు తీయడానికి వచ్చిన కార్యకర్తే గుర్తొచ్చాడు.

ప్రశ్న: నేను బీఎస్సీ చివరి సంవత్సరం. పాఠంలో క్యూ, జీ, ఆర్, సీ, నార్ పట్టీలు, ఫిష్ అని వరసగా ఉన్నాయి. అన్నిట్లో ఏది ఉత్తమం? పరీక్షలో పోల్చి రాయమంటారు. బట్టీ పట్టినా మర్చిపోతున్నాను.
– విద్యార్థి, గుణుపురం

జవాబు: ఏది ఉత్తమం అని అడిగితే జవాబు దొరకదు నాన్నా. ఏ చోటు చూడాలో అనుకున్నాక ఏ రంగు వేయాలో అడుగు, అప్పుడు మర్చిపోవు. ఒక కేసు చెబుతాను. రంగులన్నీ వరసగా అందులోనే వచ్చేస్తాయి.

మా ల్యాబుకు ఒకసారి ఒక చిన్న పాప రక్తం వచ్చింది. ఏడాదిన్నర దాటినా నిలబడటం లేదు, ఒంట్లో పట్టు లేదు. జీటీజీ వేస్తే 47 కనిపించాయి. నలభై ఆరూ సక్రమంగా ఉన్నాయి. వాటి పక్కన నువ్వుగింజంత అదనపు క్రోమోజోము ఒకటి ఉంది. ఇలాంటివాటిని మార్కర్ అంటారు. మరీ చిన్నది కావడంతో దాని మీద గుర్తుపట్టేన్ని జీ పట్టీలు లేవు. అది ఏ క్రోమోజోము నుంచి వచ్చిందో జీటీజీ చెప్పలేకపోయింది. అప్పట్లో ఫొటోలు తీసి కత్తెరతో కత్తిరించి కాగితం మీద అంటించేవాళ్లం. ఆ ముక్కను ఏ జత పక్కన అంటించాలో తెలియక విడిగా కింద అంటించాను.

తర్వాత సీ పట్టీ వేశాం. మార్కర్‌లో రెండు చోట్ల నల్ల మచ్చలు పడ్డాయి. అంటే రెండు సెంట్రోమియర్లు (క్రోమోజోము నడుములు) ఉండవచ్చు, ఒకే ముక్క అద్దంలో బొమ్మలా తిరగబడి రెండుసార్లు అతుక్కుని ఉండవచ్చు.

ఆ తర్వాత వెండి రంగు. పాఠంలో నార్ అన్నది ఇదే. సిల్వర్ నైట్రేట్‌తో వేస్తారు. రైబోసోముల ఆర్ఎన్ఏ తయారుచేసే జన్యువులు 13, 14, 15, 21, 22 క్రోమోజోముల పొట్టి చేతుల మీద ఉంటాయి. వాటిలో పనిచేస్తున్నవాటి దగ్గరే వెండి నల్ల చుక్కలా పేరుకుంటుంది. పనిచేయనిది చుక్క ఇవ్వదు, పరీక్షలో ఈ వాక్యం తప్పకుండా రాయి. మా మార్కర్‌కు రెండు చివరలా చుక్కలు వచ్చాయి. అంటే అది ఈ ఐదింటిలో ఒకదాని నుంచి వచ్చింది. వెతకాల్సిన ఇళ్లు ఇరవై నాలుగు నుంచి ఐదుకు తగ్గాయి.

నాలుగోది డిస్టామైసిన్, డాపీ జంట. మీ పాఠంలో లేకపోవచ్చు. ఈ జంట వేస్తే అతినీలలోహిత కాంతిలో 1, 9, 16 హెటెరోక్రోమాటిన్, వై చివర, పదిహేనో క్రోమోజోము పొట్టి చేయి మెరుస్తాయి. ఆ ఐదింటిలో ఇలా మెరిసేది ప్రధానంగా పదిహేనే. చీకటి గదిలో కూర్చుని చూస్తుంటే మా మార్కర్ రెండు చివరలా మెరిసింది. ఆ రోజు మా సార్ కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చూశారు.

పదిహేను అని తెలిసింది. తల్లిదండ్రులకు కావాల్సిన జవాబు మాత్రం ఇంకా రాలేదు. పదిహేనో క్రోమోజోము పొడుగు చేతిలో 15క్యూ11 నుంచి 15క్యూ13 దాకా ఒక భాగం ఉంది. మార్కర్ చిన్నదై ఆ భాగం దాంట్లో లేకపోతే పిల్లలు చాలావరకు మామూలుగానే ఎదుగుతారు. ఆ భాగం ఉంటే ఎదుగుదల మందగిస్తుంది, ఫిట్స్ రావచ్చు. దాన్ని ఏ జీమ్సా పద్ధతీ చెప్పలేదు. ఆ చోటి డీఎన్ఏ వరసకు జతపడే, మెరిసే రంగు తగిలించిన చిన్న డీఎన్ఏ ముక్కను స్లైడు మీద వేయాలి. దాన్ని ప్రోబ్ అంటారు. రెంటినీ వేడిచేసి పోగులు విడదీస్తే, చల్లబడేటప్పుడు ప్రోబ్ వెళ్లి తన జతకే అతుక్కుంటుంది. అదే ఫిష్. అప్పటికి మా దగ్గర ఆ సదుపాయం లేదు, స్లైడు వేరే ఊరు పంపాం. మార్కర్ మీద ఆ చోట రంగు వెలిగిందని జవాబు వచ్చింది. పాపకు వెంటనే ఫిజియోథెరపీ మొదలుపెట్టారు, ఫిట్స్ గురించి ముందే జాగ్రత్తలు చెప్పారు.

ఇప్పుడు కాగితం తీసి రాసుకో. ఏ క్రోమోజోమో, పెద్ద ముక్కలేమైనా మారాయో తెలియాలంటే జీ. హెటెరోక్రోమాటిన్, సెంట్రోమియర్ల కోసం సీ. ఆ ఐదింటి పొట్టి చేతులకు వెండి. ఆర్ పట్టీ జీకి తలకిందులు, ఫ్రాన్సులో దుత్రియో, లెజూన్ 1971లో చూపించారు. జీలో క్రోమోజోముల చివరలు ఎక్కువగా లేతగా ఉండి అంచు ఎక్కడ ముగిసిందో తెలియదు, ఆర్‌లో అవే ముదురుగా వస్తాయి. చివరలు తెగాయని అనుమానం ఉంటే ఆర్ వేస్తారు. క్యూ ఇప్పుడు తక్కువ. వై పొడుగు చేయి చివర దాంట్లో బాగా మెరుస్తుంది, కానీ ప్రత్యేక మైక్రోస్కోపు కావాలి, చూస్తుండగానే వెలుగు తగ్గిపోతుంది. జీ స్లైడు ఏళ్ల తర్వాత తీసి చూసినా అలాగే ఉంటుంది. ప్రపంచమంతా జీ నిలబడటానికి ఇది పెద్ద కారణం.

మూడక్షరాల పేర్లకు కిటుకు: మొదటి అక్షరం ఏ పట్టీ, రెండోది ఎలా తెప్పించారు, మూడోది ఏ రంగు. ఆర్‌హెచ్‌జీ అంటే ఆర్ పట్టీ, వేడితో, జీమ్సాతో. క్యూఎఫ్‌క్యూ అంటే క్యూ పట్టీ, ఫ్లోరసెన్స్‌తో, క్వినాక్రిన్‌తో.

ప్రశ్న: అమ్మా, మా బాబుకు మూడేళ్లు. గుండెలో రంధ్రం ఉందని పుట్టినప్పుడే చెప్పారు. మాట ముక్కుతో వస్తుంది. తరచూ జలుబు, జ్వరం. క్రోమోజోమ్ పరీక్షలో 46,ఎక్స్‌వై, నార్మల్ అని వచ్చింది. ఇప్పుడు డాక్టర్ గారు 22వ క్రోమోజోముకు ఫిష్ చేయించమంటున్నారు. నార్మల్ అని వచ్చాక మళ్లీ డబ్బు ఎందుకు పెట్టాలి? నేను రోజుకూలీని.
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: అన్నా, మొదటి ఉత్తరంలో ఆ సోదరికి ఫిష్ వద్దన్నాను. మీకు మాత్రం చేయించండి అంటున్నాను. డాక్టర్ గారు అడిగింది సరైన ప్రశ్న.

జీ పట్టీల్లో మంచి స్లైడు మీద కూడా సుమారు 50 లక్షల నుంచి కోటి డీఎన్ఏ అక్షరాలు పోతేనే మా కంటికి ఆనుతుంది. గుండె లోపం, ముక్కుతో మాట, తరచూ జబ్బు పడటం, ఈ మూడూ కలిస్తే డాక్టర్లు 22క్యూ11 అనే చోటు అనుమానిస్తారు. అక్కడ పోయే ముక్క ఎక్కువమందిలో 30 లక్షల అక్షరాలే. రాయగడ నుంచి విజయనగరం వెళ్లే రైలు కిటికీలోంచి చూస్తే ఊళ్లన్నీ కనిపిస్తాయి గానీ ఏ ఊళ్లో ఏ ఇల్లు కూలిందో తెలియదు. జీటీజీ ఊళ్లన్నీ చూసింది. ఫిష్ ఆ ఒక్క ఇంటి అడ్రసు రాసి పంపే ఉత్తరం. ఇల్లుంటే అందుతుంది, లేకపోతే అందదు.

మైక్రోస్కోపు కింద రెండు రంగులు వేస్తారు. 22వ క్రోమోజోము చివర ఒక రంగు, అనుకుందాం ఆకుపచ్చ. అది ఇదే 22 అని గుర్తుపట్టడానికి. అనుమానం ఉన్న చోటుకు ఎరుపు. రెండు ఆకుపచ్చలు, రెండు ఎరుపులు కనిపిస్తే ఆ చోటు ఉన్నట్టు. ఎరుపు ఒక్కటే ఉంటే ఒక క్రోమోజోములో పోయినట్టు. మిగతా క్రోమోజోముల్లో ఏం జరిగినా ఈ పరీక్ష చెప్పదు. ఫిష్ మామూలుగా వచ్చి అనుమానం తీరకపోతే మైక్రోఅర్రే అనే పరీక్ష ఉంది, అది అన్ని క్రోమోజోముల్లోనూ చిన్న ముక్కలు వెతుకుతుంది. రెండిటిలో ఏది ముందు చేయిస్తే మీకు ఒకే ఖర్చుతో తేలుతుందో డాక్టర్ గారినే సూటిగా అడగండి. అడగడంలో తప్పు లేదు.

తెలుసుకుంటే ఏమిటి లాభం అంటారా? ముక్క పోయిందని తేలితే బాబు రక్తంలో కాల్షియం చూస్తారు. ఈ పిల్లల్లో అది తగ్గి ఫిట్స్ వస్తాయి, మందుతో సరిచేయవచ్చు. రోగనిరోధక శక్తి చూసి, టీకాల్లో కొన్ని వేయాలా వద్దా అని నిర్ణయిస్తారు. అంగిలి పరీక్షించి మాటకు చికిత్స మొదలుపెడతారు. మీ ఇద్దరినీ కూడా పరీక్షకు పిలుస్తారు. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి అది తల్లిదండ్రుల నుంచి రాదు, కొత్తగా జరుగుతుంది. అయినా చూడాలి, తర్వాత పుట్టే బిడ్డ కోసం. పరీక్షకు ముందే ఈ కాల్షియం మాట ఎత్తండి, మామూలు రక్తపరీక్షే అది. కాళ్లూ చేతులూ కొంకర్లు పోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రక్తం రెండోసారి పొడిపించుకునే పరిస్థితి మాత్రం రానివ్వకండి. మన వైపు నుంచి వచ్చిన ఒక బిడ్డ రక్తం ఒకసారి ఐసు ముక్కల మధ్య పెట్టి పంపారు. ట్యూబు ఐసుకు అతుక్కుని గడ్డకట్టి వచ్చింది, ఒక్క కణం పెరగలేదు. ఇంకొకరిది ఊదా మూత ట్యూబులో వచ్చింది. కణాలు పెంచాల్సిన పరీక్షకు ఆకుపచ్చ మూత ట్యూబు కావాలి, అందులో హెపారిన్ ఉంటుంది. మైక్రోఅర్రేకు మాత్రం ఊదా మూత. తీసేముందు మూత రంగు మీరే చూసి అడగండి. వారం మొదట్లో, ఉదయం తీయించండి, శనివారం వద్దు. ట్యూబు మీద బాబు పేరు, తేదీ, తీసిన సమయం రాయించండి. ఐసు పెట్టవద్దు, ఎండ తగలనివ్వవద్దు. తువ్వాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకుని, అదే రోజు రైలులో విశాఖ చేర్చండి.